వెనక్కి వెయ్యని బండి

మా సినిమా చూసి రాసినవాళ్లంతా ఒకే విషయాన్ని మెచ్చుకున్నారు. సాలూరు దాటాక కొండెక్కే ఘాటీ రోడ్డు మీద, లారీ కేబిన్‌లో, మొగుడూ పెళ్లాం మాట్లాడుకునే పద్నాలుగు నిమిషాల సన్నివేశాన్ని ఒక్క కట్ కూడా లేకుండా ఒకే షాట్‌లో తీశామట. ఒకాయన దాన్ని దర్శకుడి సాహసం అన్నాడు. ఇంకొకావిడ, కాలాన్ని కొయ్యడానికి కెమెరా నిరాకరించింది అని రాసింది. అది చదివాక నాకే నా మీద గౌరవం పెరిగి, ఆ పూట ఇంట్లో కాస్త నెమ్మదిగా నడిచాను.

కానీ నిజం నాకు తెలుసు. ఆ రోజు నిరాకరించింది మా మావ. బండిని వెనక్కి వెయ్యనన్నాడు. ఆయన అలా అనడానికి కారణం రెండు నిమ్మకాయలు. ఆ నిమ్మకాయలు కొన్నది నేను.

అంతకుముందు పదకొండేళ్లు హైదరాబాద్‌లో ఉన్నాను. సినిమా రచయితనని చెప్పుకునేవాణ్ణి. చెప్పుకోకపోతే ఎవరికీ తెలిసే అవకాశం లేదు మరి. ఏ ఆఫీసుకెళ్లినా ‘కథ చెప్పు’ అనేవారు. చెప్పేవాణ్ణి. ‘బాగుంది, వచ్చే వారం వచ్చి మళ్లీ చెప్పు’ అనేవారు. నా కథ ఎవరికీ అరగలేదు గానీ నా చెప్పులు మాత్రం బాగా అరిగాయి. నేను రాసిన సీన్లు కొన్ని తెర మీదికి వెళ్లాయి. వేరేవాళ్ల పేరుతో వెళ్లాయి. ఒకే ఒక్కసారి, చివర్లో చీమల బారులా పైకి పోయే కృతజ్ఞతల జాబితాలో నా పేరు వేస్తామన్నారు. నరసన్నపేటలో మా ఇంటిల్లిపాదీ ఆ సినిమాకెళ్లి, అందరూ లేచిపోయినా కూర్చునే ఉన్నారు. నా పేరు వచ్చేలోపు హాలు ఊడ్చే ఆవిడ వచ్చి లైట్లు వేయించేసింది. మా అమ్మ ఇంటికొచ్చి, ‘వచ్చింది, నాను సూశాను’ అని వీధంతా చెప్పింది. ఆవిడకి చదువు రాదు.

తిరిగి నరసన్నపేట వచ్చేశాక మా ఆవిడ ఒక్కటే అంది. ఆవిడ బడిపంతులమ్మ, మాటలు పొదుపుగా వాడుతుంది. ‘ఇక్కడే, మీ పేరుతో, ఒక్క సినిమా తియ్యండి. చిన్నదైనా సరే. అవకపోతే ఇంక ఆ ఊసెత్తకండి.’ ఊళ్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పడానికి మనిషి కావాలన్నారు. సినిమా తేలకపోతే సోమవారం చేరతానని నేనే ఒప్పుకున్నాను. ఆ సోమవారానికి ముందు శనివారం గురించే ఇదంతా.

సినిమా కథ చిన్నదే. ఒక లారీ డ్రైవరు కూతురు ఒరియా అబ్బాయిని పెళ్లి చేసుకుని కొరాపుట్‌లో ఉంటుంది. నాలుగేళ్లుగా తండ్రి ఆమెతో మాట్లాడడు. తల్లి మొదటిసారి ఆయన లారీ ఎక్కి కూతుర్ని చూడ్డానికి బయల్దేరుతుంది. కూడలిలో దింపేస్తాను, ఇంటికి మాత్రం రానంటాడు ఆయన. ఘాటీ ఎక్కడం పూర్తయ్యేలోపు ఆవిడ ఆయన్ని ఒప్పించాలి. మిగతా సీన్లన్నీ అప్పటికే షూట్ చేసేశాం. కేబిన్ సీనే మిగిలింది. అది లేకపోతే మిగిలినవన్నీ కలిపినా ఒక ఇల్లూ, ఒక వంటగదీ, ఎవరికోసమో ఎదురుచూసే ఒక అమ్మాయీ. అంతే.

లారీ మావది. మా అమ్మ తమ్ముడు. ముప్పయ్యేళ్లు వేరేవాళ్ల బళ్లు తోలి, సాలూరులో సొంతంగా బాడీ కట్టించుకున్న కొత్త బండి. డ్రైవర్ వేషం కూడా ఆయనే వెయ్యాల్సొచ్చింది. లారీ తోలగల నటులు మాకు దొరకలేదు. నటించగల డ్రైవర్లు చాలామంది ఉన్నారు గానీ వాళ్లు చెక్‌పోస్టుల దగ్గర తప్ప నటించరు. మావ ముందే చెప్పేశాడు.

‘మొదటి ట్రిప్పుకి వస్తాను అల్లుడా. ఆ తర్వాత బండి రాయపూర్ లైనెక్కేస్తాది. అప్పుడు నన్ను అడిగినా ఒకటే, ఆ స్తంభాన్ని అడిగినా ఒకటే.’

భార్య వేషం వేసే అక్క మా ఊళ్లో బట్టలు కుడుతుంది. నాటక పోటీల్లో ఆమె పేరు శ్రీకాకుళం జిల్లా అంతా తెలుసు. చివరి వరసలో కూర్చున్న ముసలాయనకి వినిపించేలా మాట్లాడ్డం ఆమెకి అలవాటు. ఆ గొంతు కెమెరా ముందు ఎలా తగ్గించాలా అన్నది నా దిగులు. కెమెరామన్ విజయనగరంలో పెళ్లిళ్లు తీసే నా స్నేహితుడు. ఏ సీను చెప్పినా ‘ఇక్కడ అక్షింతలు ఎప్పుడు పడతాయి?’ అని అడుగుతాడు. అంతే మా బలగం. ఉన్నది ఒక్క కెమెరా.

నా పథకం చాలా శాస్త్రీయంగా ఉండేది. ఆ సన్నివేశాన్ని ఇరవై రెండు ముక్కలు చేశాను. ఘాటీకి ముందు తిన్నగా ఉన్న రోడ్డు మీద బండి వంద గజాలు వెళ్లాలి, ఒక ముక్క తియ్యాలి, వెనక్కి రావాలి, మళ్లీ వెళ్లాలి. మధ్యాహ్నానికి అయిపోతుంది. సాయంత్రం కొరాపుట్‌లో లోడు దింపేసి వచ్చెయ్యొచ్చు.

శనివారం ఉదయం సాలూరు చేరుకున్నాం. బండి నిండా నౌపడ ఉప్పు బస్తాలు. సినిమాకి అంతవరకూ కొట్టని కొబ్బరికాయ కొట్టాలి, కొత్త బండికీ పూజ చెయ్యాలి. రెండు పూజలెందుకు, ఒకటే చేసేద్దామన్న గొప్ప ఆలోచన నాకొచ్చింది. నేనే మార్కెట్‌కెళ్లి కొబ్బరికాయ, బంతిపూలు, నిమ్మకాయలు తెచ్చాను. నేనే వంగి ముందు చక్రాల కింద చెరొకటీ పెట్టాను. మావ హారతి కళ్లకద్దుకుని బండెక్కాడు. చిట్, చిట్ మని రెండు నిమ్మకాయలూ నలిగాయి. అందరం చప్పట్లు కొట్టాం.

తిన్నని రోడ్డు మీద మొదటి ముక్క తీశాం. అద్భుతంగా వచ్చింది.

‘మావా, కొంచెం వెనక్కెయ్యి’ అన్నాను.

‘ఎందుకు?’

‘రెండో ముక్క తియ్యాలి కదా. ఇందాకటి చోటు నుంచే.’

మావ నా వైపు జాలిగా చూశాడు. ‘నిమ్మకాయలు తొక్కింది అల్లుడా. మొదటి లోడు దింపేదాకా కొత్త బండి ఎనక్కెయ్యకూడదు. నీకు తెల్దా?’

‘వంద గజాలే మావా!’

‘వందయినా ఒకటే, జానెడయినా ఒకటే. మా గురువు అలగే సెప్పాడు. నాను అలగే తోలాను. ముప్పయ్యేళ్లలో ఒక్క బండి బోల్తా కొట్టలేదు.’

‘ముందే చెప్పొచ్చు కదా!’

‘నిమ్మకాయలు తెచ్చిందెవులు? నాను తెమ్మన్నానా? లోడు దింపొచ్చేక పెడదావనుకున్నాను నాను. నువ్వే ఆత్రంగా ఒంగి పెట్టేశావు. మేనల్లుడు కదా, ముచ్చట పడ్తన్నాడని ఊరుకున్నాను.’

అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందని భుజాలు చెప్పేస్తున్నాయి.

కెమెరామన్ తెలివైనవాడు. ‘మరి ముందుకెళ్లి ఎక్కడైనా తిప్పుకుని వస్తే తప్పులేదా?’ అన్నాడు.

‘తిప్పుకుంటే తప్పేటి? మూతి ఎటుంటే బండి అటే ఎల్తాది. ఎనక్కి ఎలగవుతాది?’

ఈ ధర్మశాస్త్రం నాకు నచ్చింది గానీ, లోడు బండి తిరగడానికి చోటు కావాలి. వెనక్కి వెయ్యకుండా ఒక్క చుట్టులో తిప్పేంత ఖాళీ జాగా ఘాటీ పైన, చెక్‌పోస్టు దాటాక ఉంది. కింద, ఘాటీకి చాలా ఇవతల, పెట్రోలు బంకు దగ్గర ఇంకొకటి ఉంది. అంటే పైకెక్కి, తిరిగి, దిగి, మళ్లీ తిరిగి రావాలి. ఒక చుట్టుకి గంటన్నర పైన. ఇరవై ఒక్క ముక్కలు మిగిలాయి. వెలుతురు ఐదింటిదాకా. నాకు లెక్కలు రావు కాబట్టే రచయితనయ్యాను. అయినా ఈ లెక్క మాత్రం వెంటనే వచ్చేసింది. మూడు చుట్లు. అంతకుమించి కుదరదు. ముక్కలు చెయ్యడమన్నది ఇంక లేదు. ఘాటీ మొదట్లో కెమెరా పెడితే పైకెక్కేదాకా ఒకటే షాట్.

డీజిల్ సంగతి ఇక్కడ రాయను. మా ఆవిడ కూడా ఇది చదువుతుంది.

కెమెరాని అద్దం దగ్గర బిగించాం, ఇద్దరూ కనిపించేలా. సీటు వెనక పడుకునే బల్ల మీద నేనూ కెమెరామనూ సర్దుకున్నాం. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని బోర్లా పడుకున్నాను. నాకు కనిపించేది మావ మెడ, దాని మీది తువ్వాలు. నా దర్శకత్వమంతా ఆ మెడకే.

మొదటి చుట్టు. రెండు మలుపులు బ్రహ్మాండంగా దాటాం. అక్క బతిమాలుతోంది, మావ మొండికేస్తున్నాడు. అంతలో ఎదురుగా ఒక లారీ దిగుతూ కనిపించింది. మావ సగం బయటికి వంగి అరిచాడు.

‘ఒరే బావా! కొత్త బండిరా! మనదే!’

‘ఎప్పుడు రోడ్డెక్కించావురా? సెప్పలేదు!’

‘ఇయ్యాలే! పక్కనున్నది మీ సెల్లి కాదు, సినిమా!’

రెండో చుట్టుకి మావ చేత ఒట్టు వేయించుకున్నాను. ఎవరెదురొచ్చినా పలకరించనన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. నేను రాసిచ్చిన మాటలన్నీ కంఠతా పట్టి, ఎక్కం అప్పజెప్పినట్టు ఒకటీ తప్పకుండా చెప్పుకుంటూ పోయాడు. అక్క గొంతు సంగతి చెప్పాలి. పల్లంలో పెద్దగా అనిపించిన ఆ గొంతు, ఘాటీ మీద ఇంజను మోతలో సరిగ్గా సరిపోయింది. లోడు బండిలో మొగుడితో మాట్లాడే ఆడమనిషి అలాగే కదా మాట్లాడాలి! నా దిగుళ్లలో ఒకటి దానంతటదే తీరిపోయింది. ఇంక గట్టెక్కినట్టే అనుకుంటుండగా, బాగా మెలిక తిరిగిన మలుపులో మావ ఆగిపోయాడు. స్టీరింగ్ రెండు చేతులా తిప్పుతూ, ముందుకే చూస్తూ, అక్కని ఎంతో వినయంగా అడిగాడు.

‘అమ్మా, తర్వాతేటి?’

పైన చెక్‌పోస్టు దగ్గర టీ కొట్టులో కూలబడ్డాం. మూడు దాటింది. కొండ నీడ రోడ్డు మీద సగం దాకా వచ్చేసింది. సోమవారం నాడు నేను నల్లబల్ల ముందు నిలబడి సంధులు చెప్తున్నట్టు కళ్ల ముందు కనబడింది. అక్క బన్ను ముక్క టీలో ముంచి, తినడం మర్చిపోయింది. అది విరిగి గ్లాసులో పడిపోయింది.

మావే గొంతు సవరించుకున్నాడు. ‘నువ్వు రాసింది బాగుంది అల్లుడా. సదివితే నాకే ఏడుపొచ్చింది. కానీ ఆ మలుపులో ఎవుడూ మాటాడ్డు. మాటాడినోడు లోయలో ఉంటాడు.’

నా కథల్లో మలుపులు తక్కువయ్యాయని పదకొండేళ్లు విన్నాను. ఎక్కువయ్యాయని విన్నది ఆ రోజే. నవ్వొచ్చింది. నవ్వాక కొంచెం బుర్ర పనిచేసింది. ఈయన ఏ మలుపులో నోరు మూస్తాడో, ఏ తిన్నని రోడ్డులో తెరుస్తాడో నాకేం తెలుసు? బల్ల దగ్గర కూర్చుని రాసినవాణ్ణి నేను. ఆ దారిన ముప్పయ్యేళ్లు తోలినవాడు ఆయన.

ఇద్దరి దగ్గరా కాగితాలు వెనక్కి తీసుకున్నాను.

అక్కని పక్కకి పిలిచాను. ‘అక్కా, రాసిందంతా మర్చిపో. చెక్‌పోస్టు వచ్చేలోపు ఆయన చేత ఇంటికి వస్తానని అనిపించు. ఎలా అన్నది నీ ఇష్టం.’

‘తిట్టొచ్చా తమ్ముడూ?’

‘తిట్టొచ్చు.’

మావతో అన్నాను. ‘నీకు కూతురింటికి వెళ్లాలనుంది. కానీ వెళ్లనంటావు. ఎందుకు వెళ్లవో నాకు తెలీదు. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే బండి తోలుకో.’

‘అంతేనా?’

‘అంతే.’

‘ఇది ముందే సెప్పుంటే రెండు సుట్లు మిగిలేవి కదరా!’

మూడో చుట్టు. నాలుగు గంటల పది నిమిషాలకి ఘాటీ మొదలెట్టాం. హెడ్‌ఫోన్లలో ఇంజను, గాజుల చప్పుడు. అక్క మొదలెట్టింది. కూతురు చిన్నప్పుడు లారీ హారను విని వీధిలోకి పరుగెత్తేదని చెప్పింది. నేను రాయలేదది. మావ ఊఁ అన్నాడు. ఆమె తిట్టింది. ఆయన ఊఁ అన్నాడు. మొదటి మెలిక వచ్చింది, ఇద్దరూ ఆగారు. గేరు మారిన చప్పుడు ఒక్కటే. మలుపు దాటాక ఆమె గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. ఇన్నేళ్ల నాటకాల్లో ఆ గొంతు అంత తగ్గడం ఎవరూ విని ఉండరు.

‘ఏదో ఒకటి సెప్పు’ అంది.

ఇంకో మలుపు. ఎదురుగా బస్సొస్తే దారిచ్చాడు. మళ్లీ గేరు మార్చాడు. నా ముందున్న మెడ కొంచెం కిందికి వంగింది. అప్పుడన్నాడు.

‘నన్ను సూసి అది ఏడుస్తాది.’

అంతే. నా కాగితాల మీద ఆ చోట పేజీన్నర వాదన ఉంది. కులం, పరువు, బంధువులు, అన్నీ ఉన్నాయి. ఆయన అన్నది నాలుగు మాటలు.

తర్వాతి మెలిక దాటాక అక్క అంది. ‘ఏడవనీ.’

చెక్‌పోస్టు కనిపించేసరికి మావ అడిగాడు. ‘ఇల్లెక్కడో తెలుసా నీకు?’

‘నువ్వు పోనీ. నాను సెప్తాను.’

బండి ఆగింది. కట్ చెప్పాలని నాకు గుర్తు రాలేదు. కెమెరామన్ నా కాలు పట్టుకుని ఊపుతున్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. వందలకొద్దీ అప్పగింతలు చూసి చలించని మనిషి! ఘాటీ పైన మంచు దిగుతోంది. నేను బల్ల మీంచి దిగబోయి, కాళ్లు తిమ్మిరెక్కి, నా జీవితంలోని అతి గొప్ప క్షణంలో ఉప్పు లారీ మెట్టు మీంచి బొక్కబోర్లా పడ్డాను.

లేచి మా ఆవిడకి ఫోన్ చేశాను. ‘వచ్చేసింది’ అన్నాను. ‘సోమవారం కాలేజీకి వెళ్లను.’

‘తెలుసు. మీరు రారని నేను నిన్ననే వాళ్లకి చెప్పేశాను.’

‘నిన్ననా? ఇవాళ రాకపోయుంటే?’

‘వచ్చినా రాకపోయినా, మీరు చెప్పిన తెలుగు పరీక్షలో రాస్తే పిల్లలు పాసవరు. వాళ్ల బతుకులతో ఆటలెందుకని.’

కొరాపుట్‌లో గోడౌను తలుపుకి బండిని వెనక నుంచి ఆనించమన్నారు కూలీలు. మావ ససేమిరా అన్నాడు. ముక్కు తలుపు వైపు పెట్టి ఆపేశాడు. ఉప్పు బస్తాలన్నీ లారీ పొడుగునా చుట్టి మోస్తూ వాళ్లు ఒరియాలో ఏమన్నారో నాకర్థం కాకపోవడమే మంచిదైంది. నేనూ కెమెరామనూ కూడా చెరో పది బస్తాలు మోశాం. ఆఖరి బస్తా దిగగానే మావ బండెక్కి, రివర్సు గేరు వేసి, పది గజాలు వెనక్కి పోనిచ్చి, తల బయటపెట్టాడు.

‘ఇప్పుడు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఎనక్కేస్తాను. మళ్లీ తీస్తావేటి?’

‘వద్దు మావా’ అన్నాను. జీవితంలో ఇంకో అవకాశం వద్దన్నది అదే మొదటిసారి.

ఎడిటింగ్ అయ్యాక పేర్లు నేనే టైపు చేశాను. రచన, దర్శకత్వం అన్నచోట నా పేరు పెట్టి, చదువుకుని, తప్పులున్నాయేమోనని మళ్లీ చదువుకుని, కాఫీ తాగొచ్చి మూడోసారి చదువుకున్నాను. తర్వాతి లైను ‘మాటలు’. అక్కడ వేలు ఆగిపోయింది. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. హైదరాబాద్‌లో నా మాటల కింద తమ పేరు కొట్టుకున్నవాళ్లు కూడా ఇలాగే ఒక్క నిమిషం ఆగి ఉంటారు, తర్వాత కొట్టేసుకుని ఉంటారు. నేను మావ పేరు, అక్క పేరు, ఆ తర్వాత నా పేరు వేశాను.

సినిమా మూడు రాష్ట్రాలు తిరిగింది. ఒకచోట బహుమతి కూడా ఇచ్చారు. అక్కడ ఒక పెద్దమనిషి లేచి, ‘నన్ను చూసి అది ఏడుస్తుంది’ అన్న మాట రాయడానికి మీకు ఎన్నాళ్లు పట్టిందని అడిగాడు. ‘ఆ మాట నాది కాదండీ, మా మావది. గేరు మారుస్తుంటే వచ్చిందట’ అన్నాను. హాలంతా నవ్వి, లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో పెట్టుకున్నాను. మావకి కూతుళ్లు లేరు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎన్నిసార్లడిగినా ఆయన గేరు సంగతి తప్ప ఇంకేమీ చెప్పడు.

అన్నిటికంటే పెద్ద ఆట సాలూరులోనే పడింది. ఒక ఆదివారం రాత్రి కల్యాణ మండపంలో తెల్ల దుప్పటి కట్టి వేశాం. డ్రైవర్లూ, వాళ్ల ఆడవాళ్లూ, పిల్లలూ కిటికీలదాకా నిండిపోయారు. తెర మీద ప్రతి మలుపుకీ మగవాళ్లంతా ఒక్కసారే అటు వంగారు. ఆడవాళ్లు వంగలేదు. వాళ్లు అక్కనే చూస్తున్నారు. ‘ఏడవనీ’ అని ఆమె అనగానే, ముందు వరసలో ఒకావిడ పక్కనున్న మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. ఎందుకో నాకు తెలీదు. ఆయనకి తెలిసినట్టే ఉంది. పేర్లు పడ్డప్పుడు లైట్లు ఎవరూ వెయ్యలేదు. స్విచ్ దగ్గర మా ఆవిడని నిలబెట్టాను.

ఆట అయ్యాక డ్రైవర్లంతా మావ చుట్టూ మూగారు. నేను దూరం నుంచి చూస్తూ, ఆయన పొంగిపోతున్నాడనుకున్నాను. గంట తర్వాత మొహం వేలాడేసుకుని వచ్చాడు.

‘ఏమైంది మావా?’

‘అందరూ ఒకటే మాట. ఆ మెలికలో బండి బాగా తిప్పావురా, గేరు బాగా మార్చావురా, బస్సోడికి బాగా దారిచ్చావురా. నటించావని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు అన్లేదు.’

నేను నోరు తెరిచేలోపు వేలు చూపించాడు.

‘నువ్వేటీ సెప్పకు. ఈసారి రాసేదాంట్లో నాకు లారీ పెట్టకు. కుర్చీలో కూకునే యేసం ఇయ్యి. అప్పుడు సూద్దాం ఏటంటారో.’

కుర్చీ వేషమే రాస్తున్నాను. ఇప్పటికి నలభై పేజీలయింది. ఎనిమిదో పేజీలోనే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడుతున్నాడు, ఎంత రాసినా మళ్లీ కూర్చోవడం లేదు.